సముద్రశక్తి - పర్యావరణం

చిక్కబళ్ళాపురం జిల్లాకు సముద్రతీరం లేదు. చింతామణి నుండి తూర్పుగా పోయినా, బాగేపల్లి నుండి పడమరగా పోయినా సముద్రపుటొడ్డు చేరడానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయవలసిందే. అయినా ఈ సీమకూ సముద్రానికీ సంబంధం లేకపోలేదు. నందికొండల ప్రాంతంలో పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, పెన్న అనే పేరుతో అనంతపురం, కడప సీమలను దాటి, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తున్నది. బాగేపల్లి పక్కగా పారే చిత్రావతి, ఈ కొండల్లోనే పుట్టిన పాపాఘ్ని కూడా పెన్నలోనే కలుస్తాయి. నది సముద్రంలో కలిసే చోటును నదీముఖం అంటారు. కోస్తా జాలరులు దానిని ‘మొగ’ అని పిలుస్తారు. ఈ పాఠంలో చెప్పబోయే సంగతుల్లో ముఖ్యమైనవి అటువంటి చోట్ల జరిగినవే.

నీరు ఇక్కడి నుండి దిగువకు పోతుంటే, విద్యుత్తు దూరప్రాంతాల నుండి ఇక్కడికి వస్తున్నది. 1902లో కావేరి మీద శివనసముద్రం జలపాతం వద్ద తయారైన విద్యుత్తు దాదాపు 150 కిలోమీటర్ల పొడవైన తీగల మీద ప్రయాణం చేసి కోలారు బంగారు గనులకు చేరింది. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ఆనాడు కోలారు జిల్లాలోనివే. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయింది. తరువాతి కాలంలో శరావతి నది మీద జలవిద్యుత్ కేంద్రాలు వచ్చాయి. 1964లో పూర్తయిన లింగనమక్కి ఆనకట్ట వెనుక ఎన్నో పల్లెలు మునిగిపోయాయి. దీపం వెలిగింది ఒక చోట, ఇల్లు వదలి మూట కట్టుకున్నది మరొక చోట. రాయచూరు వంటి చోట్ల బొగ్గును కాల్చి విద్యుత్తు తీస్తున్నారు. అక్కడ పొగ, బూడిద సమస్య. పొగతోపాటు గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని పెంచుతున్నది.

అందువల్ల కాల్చకుండా, తరగకుండా దొరికే శక్తి కోసం ప్రపంచమంతటా వెదుకులాట సాగుతున్నది. తుమకూరు జిల్లా పావగడలో 13,000 ఎకరాల మీద పరచిన సౌరఫలకాలు ఆ వెదుకులాటలో ఒక భాగమే. వాటి సామర్థ్యం 2,050 మెగావాట్లు. వానలేని భూమిని రైతులు ఎకరాకు ఏటా ఇంత అని కౌలుకిచ్చారు. వారికి అది ఆదాయం. కానీ సొంత భూమి లేక, బీళ్ళలో గొర్రెలను మేపుకొనేవారికి మేత తగ్గింది. పొగ లేని విద్యుత్తుకు కూడా చోటు కావాలి. ఆ చోటును అంతకుముందే ఎవరో, ఏదో ప్రాణి వాడుకొంటూ ఉంటుంది. సముద్రం ఎంత విశాలమైనదైనా దానికీ ఈ మాట వర్తిస్తుంది.

సముద్రం నుండి శక్తిని అనేక విధాలుగా తీయవచ్చు. ఆటుపోట్ల వల్ల నీటిమట్టంలో వచ్చే తేడా ఒకటి. గాలి పుట్టించే కెరటాల కదలిక మరొకటి. పైనీటి వేడికీ లోతునీటి చల్లదనానికీ మధ్యగల తేడా ఇంకొకటి. ఇవిగాక సముద్రంలో నదుల్లాగా పారే ప్రవాహాలు ఉన్నాయి. భారత ప్రభుత్వం 2019లో ఈ విధమైన శక్తులన్నింటినీ తరగని శక్తి వనరులుగా ప్రకటించింది.

ముందు ఆటుపోట్ల సంగతి చూద్దాం. చంద్రుడు, సూర్యుడు ఆకర్షించడం వల్ల సముద్రజలం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. పొంగడం పోటు, తగ్గడం ఆటు. అమావాస్య, పున్నములకు ఈ తేడా ఎక్కువగా ఉంటుంది. అన్ని తీరాలలో ఇది ఒకే విధంగా ఉండదు. విశాఖపట్టణం వద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా సాధారణంగా రెండు మీటర్లకు లోపే. కెనడాలోని ఫండీ అఖాతంలో అది 16 మీటర్ల వరకు ఉంటుంది. అంటే నాలుగంతస్తుల మేడ మునిగేంత నీరు ఆరు గంటల్లో వచ్చి, మరి ఆరు గంటల్లో వెళ్ళిపోతుంది.

ఈ నీటిని పట్టి విద్యుత్తు తీసే పద్ధతి చెరువు చూచిన వారికి సులభంగా అర్థమవుతుంది. చెరువుకు కట్ట ఉన్నది, కట్టకు తూము ఉన్నది. తూము ఎత్తితే నీరు వేగంగా బయటికి వస్తుంది. ఆ తూములో ఒక టర్బైన్ అమర్చితే అది తిరుగుతుంది. నదీముఖానికి అడ్డంగా అటువంటి కట్ట కట్టి, పోటు వచ్చినప్పుడు నీటిని లోపలికి రానిచ్చి తలుపులు మూస్తారు. ఆటు సమయంలో బయట నీరు దిగిపోయాక, లోపలి నీటిని టర్బైన్ల గుండా వదులుతారు. చెరువుకూ దీనికీ తేడా ఒక్కటే. చెరువు నింపడానికి వాన కోసం ఎదురు చూడాలి. దీనిని చంద్రుడు తప్పకుండా రోజుకు రెండుసార్లు నింపుతాడు. ఎప్పుడు ఎంత నీరు వస్తుందో ముందుగానే లెక్క కట్టవచ్చు. గాలికి గాని, ఎండకు గాని అంత నియమం లేదు.

ఈ పద్ధతిలో పెద్ద ఎత్తున విద్యుత్తు తీసిన మొదటి కేంద్రం ఫ్రాన్సు దేశంలో రాన్స్ నదీముఖం వద్ద ఉన్నది. 1961లో పని మొదలై 1966లో కేంద్రం ప్రారంభమైంది. కట్ట పొడవు 750 మీటర్లు. దానిలో ఒక్కొక్కటి 10 మెగావాట్ల సామర్థ్యం గల 24 టర్బైన్లు ఉన్నాయి. ఏటా దాదాపు 50 కోట్ల యూనిట్ల విద్యుత్తు వస్తున్నది. అర్ధశతాబ్దం దాటినా ఆ యంత్రాలు పని చేస్తూనే ఉన్నాయి. కట్ట మీదుగా రోడ్డు కూడా పోతున్నది. ఇంజనీర్లకు అది గర్వకారణమే.

అయితే ఆ కట్ట కట్టడానికి నీరు లేని చోటు కావలసి వచ్చింది. అందుకని నదీముఖాన్ని తాత్కాలికమైన అడ్డుగోడలతో దాదాపు మూడేళ్ళపాటు మూసివేశారు. లోపలికి సముద్రపు నీరు రావడం ఆగింది. నది తెచ్చే మంచినీటితో ఉప్పదనం పడిపోయింది. ఆటుపోట్లు లేక ఒండుమట్టి అడుగుకు దిగి పేరుకుంది. ఉప్పునీటికి అలవాటుపడిన ఆల్చిప్పలు, పీతలు, పురుగులు, నాచుమొక్కలు దాదాపుగా నశించాయి. కేంద్రం పనిచేయడం మొదలుపెట్టాక నీరు మళ్ళీ లోపలికి వచ్చింది, ప్రాణులూ క్రమంగా వచ్చాయి. కాని అవి కుదురుకోవడానికి పదేళ్ళు పట్టింది. కుదురుకున్న తరువాత కూడా పాత కాపురం తిరిగి రాలేదు. ఇసుకలో దూరి బతికే సన్నని చేపలు, అడుగున పడుకొనే చదునైన చేపలు తగ్గాయి. సీబాస్ చేపలు, కటిల్‌ఫిష్ వచ్చి చేరాయి. ఎగువన పూడిక సమస్య ఇప్పటికీ ఉన్నది. చెరువులు పూడిపోవడం ఎరిగిన వారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. నీటి వేగం తగ్గిన చోట మట్టి దిగుతుంది. సముద్రానికి వేరే ధర్మం లేదు.

పక్షుల సంగతి కూడా చెప్పాలి. నీరు తీసిన చెరువు బురదలో కొంగలు మేతకు దిగడం అందరూ చూచినదే. ఆటు సమయంలో బయటపడే బురదనేలలు అటువంటి మేతభూములే. కట్ట వెనుక నీరు నిలవడం వల్ల బురద పూర్తిగా బయటపడదు. దూరదేశాల నుండి వలస వచ్చే పక్షులకు ఆ మేరకు మేత తగ్గుతుంది. ఇంగ్లండు, వేల్సుల మధ్య సెవర్న్ నదీముఖంలో ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్ద కట్ట కట్టాలని చాలాకాలం చర్చించారు. ఖర్చుతోపాటు బురదనేలల సమస్య కూడా ఆ చర్చలో ముందుకు వచ్చింది. 2010లో అక్కడి ప్రభుత్వం దానిని చేపట్టరాదని నిర్ణయించింది.

ఫండీ అఖాతం ఒడ్డున అన్నపోలిస్ రాయల్ అనే ఊరిలో 1984లో 20 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడి చేపల్లో కొన్ని జాతులు సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతాయి. దారిలో టర్బైన్ ఉన్నది. దాని రెక్కలు తగిలి, లేదా నీటి ఒత్తిడి హఠాత్తుగా మారి చేపలు చనిపోయేవి. 2004లో ఒక తిమింగలం తలుపుల గుండా ఎగువకు వచ్చి, బయటికి పోయే దారి తెలియక కొన్నాళ్ళు అక్కడే తిరిగింది. చేపల మరణాల ప్రశ్న తేలకుండానే, యంత్రం కూడా చెడిపోవడంతో 2019లో ఆ కేంద్రం మూతపడింది.

దక్షిణ కొరియాలో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ సిహ్వా అనే చోట వ్యవసాయానికి మంచినీటి చెరువు కావాలని 12.7 కిలోమీటర్ల గోడ కట్టి, 1994లో సముద్రంలో ఒక భాగాన్ని వేరు చేశారు. చుట్టూ ఉన్న కర్మాగారాల, పట్టణాల మురికి అందులో చేరి, ఆ నీరు సాగుకు కూడా పనికిరాకుండా పోయింది. చివరకు సముద్రపు నీటిని లోపలికి వదలక తప్పలేదు. ఎట్లాగూ వదులుతున్నారు గనుక గోడలోనే టర్బైన్లు పెట్టారు. 2011లో ప్రారంభమైన ఆ కేంద్రం సామర్థ్యం 254 మెగావాట్లు. పోటుకు వచ్చే నీరు విద్యుత్తునిచ్చి, ఆటుకు పోతూ మురికిని పలచన చేస్తున్నది. నీటి నాణ్యత మెరుగుపడింది. రాన్స్‌లో ప్రాణులను పోగొట్టిన పద్ధతే సిహ్వాలో వాటిని తిరిగి తెచ్చింది. ఒకచోట తెరిచి ఉన్న నదీముఖాన్ని మూశారు, మరొకచోట మూసి ఉన్న నీటిని తెరిచారు. యంత్రం మంచిదా, చెడ్డదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఏ చోట, అంతకుముందు అక్కడ ఏమున్నది అన్నది కూడా అడగాలి.

మనదేశంలో ఆటుపోట్ల తేడా అధికంగా ఉన్నది గుజరాత్ తీరంలో. ఖంభాత్ సింధుశాఖలో గరిష్ఠంగా 11 మీటర్లు, కచ్ సింధుశాఖలో 8 మీటర్ల వరకు ఉంటుంది. బెంగాల్‌లోని సుందరవనాల్లో 5 మీటర్ల దాకా ఉంటుంది. సుందరవనాల్లో దుర్గాదువాని అనే పాయ మీద 3.75 మెగావాట్ల చిన్న కేంద్రాన్ని తలపెట్టారు. కచ్‌లో 50 మెగావాట్ల కేంద్రానికి 2011లో గుజరాత్ ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఖర్చు భారమై రెండూ ముందుకు సాగలేదు.

ఖర్చు సంగతి అట్లా ఉంచితే, కచ్ సింధుశాఖలో వేరొక చిక్కు ఉన్నది. దాని దక్షిణ తీరంలో పగడపు దిబ్బలు, మడ అడవులు ఉన్నాయి. 1982లో ఆ ప్రాంతాన్ని మనదేశంలో మొదటి సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పోటుకు మునిగి ఆటుకు తేలే నేలలోనే మడచెట్లు బతుకుతాయి. వాటి వేళ్ళ మధ్యనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. కచ్ పశుపాలకుల ఖారాయి ఒంటెలు నీటిలో ఈదుకుంటూ పోయి ఆ మడచెట్ల ఆకులు మేసి వస్తాయి. నీటిమట్టంలో ఒక మీటరు తేడా వచ్చినా, ఆ మార్పు చెట్టు నుండి చేపకు, చేప నుండి వలకు, ఆకు నుండి ఒంటె పాలకు పోతుంది. ఇటువంటి నష్టాలను ముందే అంచనా వేయాలని 1994లో కేంద్ర ప్రభుత్వం పెద్ద పథకాలకు పర్యావరణ ప్రభావ పరిశీలనను తప్పనిసరి చేసింది. తీరప్రాంతాల్లో కట్టడాల మీద నియంత్రణ 1991 నుండే ఉన్నది. రాన్స్ కట్టేనాటికి అటువంటి నిబంధనలు లేవు. ఆ నదీముఖంలో ముందు ఏమేమి ప్రాణులు ఎంత ఉండేవో సరియైన లెక్క కూడా తీయలేదు. లెక్క లేనిదే నష్టాన్ని కొలవడం కష్టం.

కట్ట లేకుండానే ఆటుపోట్ల ప్రవాహంలో టర్బైన్‌ను నిలబెట్టే పద్ధతి తరువాత వచ్చింది. ఉత్తర ఐర్లండులోని స్ట్రాంగ్‌ఫర్డ్ సముద్రశాఖలో 2008లో 1.2 మెగావాట్ల యంత్రాన్ని నెలకొల్పారు. అక్కడ సీల్ జంతువులు నివసిస్తాయి. అవి దగ్గరకు వస్తే ధ్వనితరంగాల ద్వారా కనిపెట్టి, యంత్రాన్ని ఆపే ఏర్పాటు చేశారు. కొన్నేళ్ళ పరిశీలనలో పెద్ద హాని ఏదీ కనిపించలేదు. పని ముగిశాక దానిని పూర్తిగా తొలగించారు. కట్టను అట్లా తీసివేయడం సాధ్యం కాదు. అయితే ఒక యంత్రం విషయంలో తేలినది వంద యంత్రాలకు వర్తిస్తుందని చెప్పడానికి వీలులేదు.

కెరటాల శక్తి విషయంలో మనదేశం తొలినాళ్ళలోనే ప్రయోగం చేసింది. మద్రాసు ఐ.ఐ.టి. వారు కేరళలో తిరువనంతపురం దగ్గర విళింజం వద్ద 1991లో 150 కిలోవాట్ల కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. అది పనిచేసే తీరు కమ్మరి కొలిమి తిత్తిని గుర్తుకు తెస్తుంది. సముద్రంలో నిలబెట్టిన పెద్ద కాంక్రీటు గది అడుగుభాగం తెరిచి ఉంటుంది. కెరటం లోపలికి వచ్చినప్పుడు నీరు లేచి గదిలోని గాలిని పైకి నెడుతుంది. కెరటం వెనుకకు పోయినప్పుడు గాలి లోపలికి పీల్చుకోబడుతుంది. గాలి ఎటు వీచినా ఒకే దిక్కుకు తిరిగే టర్బైన్‌ను పైన అమర్చారు. వానాకాలంలో కెరటాలు పెద్దవి గనుక విద్యుత్తు ఎక్కువ, మిగిలిన నెలల్లో తక్కువ. తరువాత అదే విద్యుత్తుతో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్రయోగం కూడా జరిగింది. ఇప్పుడు ఆ కేంద్రం పనిచేయడం లేదు.

అంత చిన్న కేంద్రం వల్ల సముద్రానికి కలిగే మార్పు స్వల్పం. యంత్రాలను తీరం పొడవునా వరుసగా నిలిపితే సంగతి మారుతుంది. కెరటం తన శక్తితోనే ఒడ్డున ఇసుకను అటూ ఇటూ మోసుకుపోతుంది. ఆ శక్తిలో కొంత యంత్రం తీసుకుంటే వెనుక ఉన్న ఒడ్డున ఇసుక మేట వేయవచ్చు, పక్క ఊరి ఒడ్డు కోసుకుపోవచ్చు. యంత్రాల కాళ్ళకు నాచు, ఆల్చిప్పలు పట్టి చేపలు చేరడం కూడా ఉన్నది. అది మేలే. కాని తీగలు, లంగరులు ఉన్న చోట వల వేయనివ్వరు. చేపలు చేరిన చోటే వల వేయరాదంటే, చిన్న తెప్పల మీద ఒడ్డు దగ్గరనే వేట సాగించే జాలరి మరింత దూరం పోవాలి. పెద్ద మరపడవ గలవాడికి అది ఇబ్బంది కాకపోవచ్చు.

ఇక సముద్రపు వేడి. ఉష్ణమండల సముద్రాల్లో పైనీరు 28 డిగ్రీల సెల్సియస్ వరకు వెచ్చగా ఉంటే, వేయి మీటర్ల లోతున చాలా చల్లగా ఉంటుంది. రెంటికీ 20 డిగ్రీల తేడా ఉంటే దానితో టర్బైన్ తిప్పవచ్చు. వెచ్చని నీరు అమ్మోనియా వంటి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైన్‌ను తిప్పి వస్తే చల్లని నీరు దానిని మళ్ళీ ద్రవంగా మారుస్తుంది. ఈ ఆలోచనను 1881లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దార్సన్‌వాల్ చెప్పాడు. 1930లో ఆయన శిష్యుడు జార్జి క్లాడ్ నీటి ఆవిరినే వాడే పద్ధతిలో క్యూబా తీరాన 22 కిలోవాట్ల విద్యుత్తు తీశాడు. అయితే నీటిని తోడడానికి అంతకంటె ఎక్కువ విద్యుత్తే ఖర్చయింది. మనదేశంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ‘సాగరశక్తి’ అనే ఓడ మీద ఒక మెగావాట్ యంత్రాన్ని తమిళనాడు తీరంలో నిలపడానికి ప్రయత్నించింది. లోతునీటిని తోడే పొడవాటి గొట్టాన్ని సముద్రంలో దించడం సాధ్యపడక ఆ ప్రయత్నం ఆగిపోయింది.

వేడిలో తేడా తక్కువ గనుక ఈ పద్ధతిలో నీరు విపరీతంగా కావాలి. ఒక మెగావాట్‌కు సెకనుకు వేల లీటర్లు తోడవలసి ఉంటుంది. ఆ నీటితోపాటు కంటికి కనిపించని ప్రాణులు, చేప గుడ్లు, చేప పిల్లలు గొట్టంలోకి పోతాయి. గొట్టాలకు నాచు పట్టకుండా క్లోరిన్ కలుపుతారు. అమ్మోనియా కారితే అది విషం. వీటికంటె ఆలోచించవలసినది తోడిన చల్లని నీటిని ఎక్కడ వదలాలి అన్నది. లోతునీటిలో నత్రజని, భాస్వరం లవణాలు పుష్కలంగా ఉంటాయి. పొలానికి ఎరువు వేసినట్లే అవి సముద్రానికి ఎరువు. ఎండ తగిలే పైనీటిలో వదిలితే నాచు ఒక్కసారిగా పెరుగుతుంది. తేటనీటిలో బతికే పగడాలకు అది హానికరం. ఎండ చేరని లోతున వదిలితే ఈ హాని చాలావరకు తప్పుతుంది. అందుకు గొట్టం ఇంకా పొడవు కావాలి, ఖర్చు ఇంకా పెరుగుతుంది.

లక్షద్వీపాల్లోని కవరత్తిలో ఈ సమస్యలన్నీ ఒకే చోట కనిపిస్తాయి. అక్కడ నది లేదు. బావినీరు ఉప్పన. బాగేపల్లి ప్రాంతంలో బోరునీటిలోని ఫ్లోరైడ్ వల్ల బాధపడిన వారికి మంచినీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2005లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీటినిచ్చే కేంద్రాన్ని నెలకొల్పింది. గాలిని తీసివేసిన గదిలోకి వెచ్చని పైనీటిని వదిలితే అందులో కొద్ది భాగం తక్కువ వేడికే ఆవిరవుతుంది. దాదాపు 350 మీటర్ల లోతు నుండి తెచ్చిన చల్లని నీటి గొట్టాలు తగిలి ఆ ఆవిరి మంచినీరుగా దిగుతుంది. అన్నం కుండ మూతకు నీటి బిందువులు పట్టినట్లే. ఆవిరయ్యేది కొద్ది భాగమే గనుక తిరిగి సముద్రంలోకి పోయే నీటిలో ఉప్పు అంతగా పెరగదు. తరువాత ఇతర ద్వీపాల్లో కూడా ఇటువంటి కేంద్రాలు వచ్చాయి.

కాని కవరత్తిలో పంపులను నడిపే విద్యుత్తు డీజిల్ జనరేటర్ల నుండి వచ్చేది. డీజిల్ ఓడల్లో రావాలి. అది కాలిన పొగ వల్ల పెరిగే వేడికి తొలుత దెబ్బతినేది ఆ ద్వీపాలను మోస్తున్న పగడాలే. సముద్రజలం వేడెక్కి 1998, 2010, 2016 సంవత్సరాల్లో లక్షద్వీపాల పగడాలు తెల్లబడి, చాలా భాగం చనిపోయాయి. చల్లని నీరు వదలడం వల్ల పగడాలకు హాని ఉండవచ్చునని భయపడి ఏమీ చేయకుండా కూర్చుంటే, ఆ పగడాలకు వేరొక వైపు నుండి హాని తప్పడం లేదు. రెండు వైపులా లెక్క చూడవలసిందే. అందువల్లనే ఆ సంస్థ కవరత్తిలో సముద్రపు వేడితోనే 65 కిలోవాట్ల విద్యుత్తు తీసే యంత్రాన్ని చేపట్టింది. ఆ విద్యుత్తు ఊరి దీపాలకు ఉద్దేశించినది కాదు. లోతునీటిని పైకి తోడడానికీ, రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తయారు చేయడానికీ దానిని వాడుకోవాలన్నది సంకల్పం.